టబ్బులో దిగనివ్వలేదు

జూబ్లీహిల్స్‌లోని మా ఇంటిని షూటింగులకు అద్దెకిస్తుంటాం. కిందటేడాది ఒక సినిమా మొదటి షాట్ మా వేడినీళ్ల టబ్బులో పెట్టుకున్నారు. నీళ్లు మసగ్గా ఉన్నాయని ప్రొడక్షన్ మేనేజరు నన్నడగకుండా క్లోరిన్ గుమ్మరించాడు. పరీక్ష కాగితం ముంచి చూస్తే మోతాదు బాగా మించినట్టు ముదురు ఊదా రంగుకు తిరిగింది. కొత్త హీరోయిన్ అప్పుడే కాలు పెట్టబోతోంది. చెయ్యి పట్టుకుని ఆపాను.

"ముహూర్తం దాటిపోతోందండీ," అన్నాడు మేనేజరు.

"ముహూర్తం మీ సినిమాకి, నీళ్లకి కాదు. అంత తొందరైతే ముందు మీరు దిగండి. మీ కళ్లు మండకపోతే అమ్మాయిని పంపిస్తాను."

ఆయన దిగలేదు. మొదటి షాట్ మా పూజగదిలో దేవుడి పటాల మీద తీసుకున్నారు. నీళ్లు మార్పించి, కాగితం రంగు సరిగ్గా వచ్చాకే అమ్మాయిని దిగనిచ్చాను.

నాది నోటిదురుసని ఫిల్మ్‌నగర్‌లో చెప్పుకుంటున్నారట. చెప్పుకోనివ్వండి. ఆ అమ్మాయి కళ్లు చల్లగా ఉన్నాయి.