మూడు ప్రాణాల పట్టా

బ్రామ్‌కూంబ్‌లో బాల్డ్విన్ లక్స్‌టన్‌ను దొర అన్నవాళ్ళూ లేరు, కూలివాడు అన్నవాళ్ళూ లేరు. అతను యోమన్, అంటే రెంటికీ మధ్య రైతు. తన నాగలి తనే పట్టేవాడు, తన రొట్టె తనే తినేవాడు, చర్చిలో మూడో బల్ల మీద కూర్చునేవాడు. రెండో బల్ల మీద కూర్చోవాలని బతికినన్నాళ్ళూ ఆశపడ్డాడు. ఆ సంగతి పెళ్ళాం విల్మాట్‌కు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. ఆమె ఊరందరికీ చెప్పింది.

నలభై ఎకరాల ఎర్రనేల, ఆరు ఆవులు, రెండు జతల ఎడ్లు, ఆపిలు తోట. చదువు రాదు. సంతకం చెయ్యమంటే నాగటి కర్రు బొమ్మ గీసేవాడు, అదీ వంకరగా. ఒక ఏడాది ఊరి కావలి పని వంతుకు వస్తే చేశాడు. ఆ ఏడాదంతా పట్టింది ఒక్క దొంగను, వాడు విల్మాట్ మేనమామ కొడుకు. పక్కపొలం రోజర్ పిడ్స్‌లీతో కంచె దగ్గర తగువొచ్చి పంతొమ్మిదేళ్ళు మాటల్లేకుండా ఉన్నాడు. ఊళ్ళో పెద్దమనిషి అనిపించుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఆ సీమలో భూమిని ఏళ్ళకు రాయరు, ప్రాణాలకు రాస్తారు. పట్టాలో ముగ్గురి పేర్లుంటాయి. ఆ ముగ్గురిలో ఒక్కరు ఊపిరి పీలుస్తున్నా భూమి ఆ ఇంటిదే. మూడో ప్రాణమూ పోయిందా, భూమి తిరిగి దొరది. అందుకే పట్టా రాయించుకునే రోజున దగ్గేవాడి పేరు ఎవరూ ఇవ్వరు. తండ్రి పోయాక బాల్డ్విన్ కొత్త పట్టాలో తన పేరు, విల్మాట్ పేరు, ఏడాది నిండిన కొడుకు హంఫ్రీ పేరు రాయించాడు. పసివాడైతే అందరికన్నా ఎక్కువకాలం బతుకుతాడని మనుషుల లెక్క. దేవుడి లెక్క వేరు. మరుసటి చలికాలం గొంతు వాచి, నాలుగు రోజుల్లో పిల్లవాడు పోయాడు.

ఆ తరవాత ఏడాదిన్నరకు ఇంకో మగపిల్లవాడు పుట్టాడు. మొదటివాణ్ణి బాప్తిస్మానికి ఎత్తుకున్న మేనమామే వీణ్ణీ ఎత్తుకున్నాడు, తన పేరే వీడికీ పెట్టాడు. హంఫ్రీ. ఎవరికీ వింతగా తోచలేదు. ఆ ఊళ్ళో ఇంటింటా అంతే. పిల్లవాడితో పాటు పేరు కూడా మట్టిలో కలిస్తే ఒకే ఇంట్లో రెండు చావులని వాళ్ళ నమ్మకం. పట్టా సంగతి ఒక్కరూ తలచుకోలేదు. పట్టాలో హంఫ్రీ ఉన్నాడు, ఇంట్లో హంఫ్రీ ఉన్నాడు. ఇంకేం కావాలి? కాగితం దుప్పట్ల పెట్టెలో అడుగున పడి ఉంది.

బాల్డ్విన్ అరవై దాటాక తడిసిన గడ్డివాము సర్దబోయి చలి తగిలించుకుని పోయాడు. పట్టాదారు పోతే ఒక పశువు దొరకివ్వాలనే ఆచారం ప్రకారం దొర మనిషి వచ్చి కొట్టంలో మేలైన ఎద్దును విప్పుకుపోయాడు. మొగుణ్ణి పాతిపెట్టకముందే ఎద్దును కూడా సాగనంపాల్సి వచ్చిందని విల్మాట్ చాలాకాలం సణిగింది. ఏ పోకకు ఎక్కువ ఏడ్చిందో ఊళ్ళో వాదులాడుకున్నారు. తన ప్రాణం పట్టాలో ఉంది గనక భూమి నిలిచింది. పొలం కొడుకు చేశాడు.

ఆరేళ్ళు గడిచాయి. దొర దగ్గర పాత దివాను పోయి కొత్తవాడు వచ్చాడు. పట్నంలో చదివిన కుర్రవాడు, చొక్కా చేతుల అంచున ఎప్పుడూ సిరా మరకే. కోతలైన నెలకు రైతులంతా పట్టాలు పట్టుకుని దొర కచేరీకి రావాలని, పట్టాలో పేరున్న ప్రతివాడి వయసూ ప్రమాణం మీద చెప్పాలని చర్చిలో చాటించాడు.

హంఫ్రీ పట్టాను పాదిరి దగ్గరికి తీసుకుపోయి చదివించుకున్నాడు. పాదిరి తేదీ చూసి వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. పట్టాలో ఏడాది బిడ్డడన్న హంఫ్రీకి ఇప్పుడు ముప్పై ఒకటి ఉండాలి. ఎదురుగా నిలబడ్డవాడికి ఇరవై ఎనిమిది. ఆ ఏళ్ళ బాప్తిస్మాల పుస్తకం పాత పాదిరి హయాంలో కప్పు కారి కుళ్ళిపోయిందని, తనకేమీ తెలియదని, ఎవరూ అడగకుండానే చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు. తెలివైనవాడు.

అంటే సాక్ష్యం ఒక్కటే మిగిలింది, కన్నతల్లి నోరు.

ఆ సాయంత్రం కోడలు థామసిన్ బార్లీ పిండి పిసుకుతూ మాట కదిపింది. కడుపులో ఒకటి, కాళ్ళ దగ్గర రెండు.

“మూడేళ్ళే గదత్తా. ఈ ఊళ్ళో తన వయసు తనకి తెలిసినోడెవడు? పిడ్స్‌లీ మామ పదేళ్ళ నుంచీ అరవై దగ్గరే ఆగున్నాడు.”

“ప్రమాణం చేసి చెప్పాలే.”

“చేసే చెప్పండి, ఇంచుమించు ముప్పై ఒకటని. ఇంచుమించుకి పాపమేముంది?”

కోడలికి బుర్ర ఉందని విల్మాట్ మనసులో ఒప్పుకుంది, పైకి ఒప్పుకోలేదు. అబద్ధానికి ఆమె భయపడే మనిషి కాదు. పన్నులవాళ్ళ ముందు పవిత్ర గ్రంథం మీద చెయ్యి పెట్టి ఆరు ఆవుల్ని నాలుగు చేసింది, రెప్ప కూడా వెయ్యలేదు. కానీ ఇది ఆవుల లెక్క కాదు. వీడే ఆ హంఫ్రీ అంటే, ఇక ఆ మొదటివాడు పుట్టనే లేదు. పుస్తకం కుళ్ళింది, మొగుడు పోయాడు, పేరు పెట్టిన మేనమామ పోయాడు. వాడి మొహం గుర్తున్న తల ఇక తనదొక్కటే.

హంఫ్రీ పొయ్యి దగ్గర కూర్చుని కట్టె ఎగదోశాడు. “నీకెట్టా తోస్తే అట్టా చెప్పమ్మా,” అన్నాడు. “కాకపోతే పిల్లల మొహం చూసి చెప్పు.”

ఆమె చూసింది. ముప్పై ఒకటి అనే చెప్పాలని నిశ్చయించుకుంది. మర్నాడు కొడుకు వెంట మూడు మైళ్ళు నడిచినంతసేపూ ఆ అంకెనే వల్లె వేసుకుంది.

కచేరీలో దివాను బల్ల వెనక కూర్చున్నాడు. పక్కన పన్నెండు మంది రైతు పెద్దలు, వాళ్ళకు పెద్ద రోజర్ పిడ్స్‌లీ. ఆ ఊరి ఆచారం ఏమిటో చెప్పాల్సింది వాళ్ళే. విల్మాట్ ప్రమాణం చేసింది. వయసు అడుగుతాడని నోరు సిద్ధం చేసుకుంది. దివాను పట్టా మీద వేలు పెట్టి వేరే మాట అడిగాడు.

“ఈ హంఫ్రీ లక్స్‌టన్ బతికున్నాడా?”

ఆ మొదటివాడి సంగతి అలా ఎవరూ ఎన్నడూ అడగలేదు. వల్లె వేసిన అంకె ఎటు పోయిందో పోయింది.

“లేడు బాబూ,” అంది. “రెండో ఏట పోయాడు. ఈడు ఆడి తమ్ముడు. ఆడి పేరే ఈడికి పెట్టాం.”

హంఫ్రీ తల దించుకున్నాడు. దివాను కలం సిరాలో ముంచాడు. అలాగైతే పట్టాలో ఆమె ప్రాణం ఒక్కటే మిగిలిందని, ఆమె తరవాత భూమి దొరదని మర్యాదగానే చెప్పాడు. మర్యాదగా చెబితే మెత్తగా తగులుతుందని చదువుకున్నవాళ్ళు అనుకుంటారు.

అప్పుడు పిడ్స్‌లీ గొంతు సవరించుకున్నాడు.

“కాస్త ఆగండి దివాన్‌గారూ. నా పట్టాలో రోజర్ అనుంది. నాకు ముందు ఇద్దరు రోజర్లు పోయారు. ఆ రోజర్ నేనో కాదో మా అమ్మకే తెలియాలి. ఆవిడా పోయింది.”

వెనక బల్ల నుంచి ఒకడు తన ఇంట్లో ఇద్దరు వాల్టర్లని చెప్పాడు. ఇంకొకడు పోయిన తన అక్క పేరే తన చెల్లెలికని చెప్పాడు. తరవాత అందరూ చెప్పారు. సగం ఊరు చచ్చినవాళ్ళ పేర్లతో బతుకుతోందని దివానుకు అప్పుడు తెలిసింది. ఒక పేరు మీద గీత గీస్తే ముప్పై ఇళ్ళ మీద గీయాలి. అలా గీస్తే వచ్చే ఏడు దొర పొలం కోయడానికి కొడవలి పట్టేవాడు ఉండడు.

పన్నెండు మందీ లేచి పొయ్యి పక్కకు పోయారు. లోటా ఆపిలు కల్లు తాగినంతసేపట్లో తిరిగి వచ్చారు. పట్టాలో ఉండేది పేరు. ఇంట్లో ఆ పేరు ఎవడు మోస్తే ఆ ప్రాణం వాడిదే. ఇదీ ఈ ఊరి ఆచారమని పిడ్స్‌లీ చెప్పాడు.

“ఎప్పట్నించి ఉందీ ఆచారం?” అన్నాడు దివాను.

“ఎవరి జ్ఞాపకానికీ అందనప్పట్నించి.”

అది పుట్టి పావుగంటైంది. దివానుకూ తెలుసు. అయినా రాసుకున్నాడు. కానీ కింద మరో వాక్యం కూడా చేర్చాడు. ఇకమీదట పట్టాలో పుట్టిన తేదీ రాయాలి, ఒకరి ప్రాణం మరొకరికి చెల్లదు. ఆ తరవాత బ్రామ్‌కూంబ్‌లో పోయిన బిడ్డ పేరు మళ్ళీ పెట్టినవాళ్ళు లేరు. పోయినవాళ్ళు పూర్తిగా పోవడం మొదలైంది. కొందరు దాన్ని తెలివి అన్నారు.

బయటికి వచ్చాక విల్మాట్ కొడుకు తిడతాడని ఎదురుచూసింది. వాడు అరమైలు దాకా ముందు నడిచాడు. వాగు దాటించేటప్పుడు చెయ్యి పట్టుకుని అడిగాడు.

“ఎట్టా ఉండేవాడమ్మా వాడు?”

ఇన్నేళ్ళలో బాల్డ్విన్ కూడా అడగలేదు ఆ మాట. వాడికి ఆరు పళ్ళొచ్చాయని, ఎర్రావు తోక పట్టుకుంటే విడిచేవాడు కాదని, నవ్వితే ఎక్కిళ్ళు పట్టేవని మొదలుపెట్టింది. మూడు మైళ్ళూ అయిపోయాయి గాని వాడి సంగతులు అయిపోలేదు. ఏడాదిన్నర బతికినవాడికి ఇంత కథ ఉందని ఆమెకే తెలియదు.

థామసిన్ కడుపు పట్టుకుని గుమ్మం దాకా పరుగెత్తుకొచ్చింది. భూమి ఉన్నట్టా, పోయినట్టా అని అడిగింది.

“కాస్త ఆగవే,” అన్నాడు హంఫ్రీ. “అమ్మ మా అన్న సంగతి చెప్తోంది.”