మావయ్యగారిని వెనక్కి పిలవడం

ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యాక, మేం ముగ్గురం యుద్ధానికి కూర్చునేవాళ్లం. భవానీపురంలోని మా ఫ్లాట్ హాల్లో మావయ్యగారు దివాన్ మీద, మా ఆయన కుర్చీలో, నేను కింద చాప మీద. చేతుల్లో ఫోన్లు. అవతలి జట్టు మా ఆయన ఆఫీసు స్నేహితులు. వాళ్లు ఎవరిళ్లలో వాళ్లుండి ఆడేవాళ్లు.

ఆ ఆటలో ఒక్కొక్కరిది ఒక్కో పని. డాలు పట్టుకుని ముందు నిలబడి దెబ్బలన్నీ కాచుకునేది మావయ్యగారు. దూరం నుంచి బాణాలు వేసేది మా ఆయన. వెనక ఉండి, దెబ్బతిన్నవాళ్లకి మళ్లీ ప్రాణం పోసేది నేను. నా పనికి మావయ్యగారు 'మందు' అని పేరు పెట్టారు. ఆదివారం పూట "అమ్మాయ్, మందు వెయ్యి, ఇంకాస్త వెయ్యి" అని ఆయన అరుస్తుంటే కింది ఫ్లాటువాళ్లు మా గురించి ఏమనుకున్నారో నేను అడగలేదు.

పెళ్లయిన కొత్తలో మావయ్యగారికీ నాకూ మధ్య "వడ్డించమంటారా", "పెట్టమ్మా" తప్ప మాటల్లేవు. కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్‌లో పనిచేసి రిటైరైన మనిషి. ఇంట్లో ఉన్నంతసేపూ పేపరు వెనకే ఉండేవారు. ఆయన గట్టిగా నవ్వుతారని నాకు ఆట మొదలయ్యాకే తెలిసింది. అందుకే ఆ కాసేపు నాకు ప్రాణం.

ఇంతలో ఆట తయారుచేసేవాళ్లు ఒక అప్‌డేట్ పంపారు. మందు వేసేవాళ్లున్న జట్టే ఎప్పుడూ గెలుస్తోందని ఎవరెవరో మొత్తుకున్నారట. అందరినీ సమానం చేస్తున్నామని చెప్పి నా మందు అందే దూరం తగ్గించారు. ఇదివరకు మావయ్యగారు ఏ మూలనున్నా అందేది. ఇప్పుడు ఆయన నా దగ్గరికి వస్తేనే అందుతుంది. నేను ముందుకెళ్తే ఒక్క దెబ్బకి పోతాను. ఆ తోపులాటలో తన ప్రాణం ఎంత మిగిలిందో చూసుకునే తీరిక ఆయనకి ఉండదు. కాబట్టి నేనే చూసి పిలవాలి.

పిలిచేదాన్ని. "మావయ్యగారూ, కొంచెం వెనక్కి రండి." ఆ 'రండి' దాకా వచ్చేసరికి ఆయన నేలమీద ఉండేవారు. మా ఆయన్ని 'నువ్వు' అనే అంటాను కనక అతనికి మందు ఎప్పుడూ టైముకే అందింది. ఆటవాళ్లు నా మందు తగ్గించారు గానీ నా మర్యాద తగ్గించలేకపోయారు.

వరసగా ఓడిపోయాం. సంగతి ముందుగా కనిపెట్టింది మావయ్యగారే.

"ఆటలో గారూ అండీ వద్దమ్మా. టర్బైన్ పక్కన నిలబడి ఎవడైనా 'అయ్యా, కాస్త తప్పుకోండి' అంటాడా? తప్పుకో అంటాడు."

సరేనన్నాను. తర్వాతి ఆటలో "వెనక్కి ర..." అని ఆగి, గుటక మింగి, "...ండి" అన్నాను. ఇంకా ఆలస్యమైంది.

మా ఆయన ఫోన్ ఒళ్లో పడేశాడు. "వచ్చే వారం నుంచి నీ బదులు మా తమ్ముణ్ణి తీసుకుందాం. వాడు కత్తి బాగా ఆడతాడు. ఇప్పుడిక మందు దండగ."

నాకు ఒళ్లు మండింది. "దండగా? ఇన్నాళ్లూ నిన్ను బతికించిందెవరు?" అన్నాను. పైకి కోపమే గానీ లోపల భయం వేసింది. ఆట పోతే మావయ్యగారూ నేనూ మళ్లీ "వడ్డించమంటారా" దగ్గరికే వచ్చేస్తాం.

"ఇంకొక్క ఆట చూద్దాం" అన్నారు మావయ్యగారు.

ఆ ఆటలో అవతలివాళ్లు ముగ్గురూ ఒకేసారి ఆయన మీద పడ్డారు. ఆయన ప్రాణం చూపించే పచ్చగీత ఎర్రబడి, దారమంత అయింది. నేనేమీ ఆలోచించలేదు.

"వెనక్కి రా! రా, రా, ఇటు రా!"

ఆయన గిరుక్కున తిరిగి నా దగ్గరికి వచ్చేశారు. మందు వేశాను. గీత పచ్చబడింది. మళ్లీ వెళ్లి డాలు అడ్డం పెట్టారు. ఆ వెనక నుంచి మా ఆయన బాణాలు వేశాడు, గెలిచాం.

అత్తయ్యగారు వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి నిలబడ్డారు.

"ఎవరినమ్మా, రా రా అంటున్నావు?"

మావయ్యగారు ఫోన్ మీంచి తల ఎత్తకుండానే "నన్నే" అన్నారు.

"పిలవగానే వెళ్లారా?"

"వెళ్లాను కాబట్టే బతికాను."

"నేనిన్నేళ్లుగా అన్నానికి రండి, రండి అని గొంతు చించుకుంటున్నాను. ఒక్కనాడైనా పిలవగానే వచ్చారా? నేనూ రా అంటే సరిపోయేదన్నమాట." అలా అనేసి ఆవిడ లోపలికి వెళ్లిపోయారు. మావయ్యగారు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. నాకు అప్పటికిగానీ ఊపిరి ఆడలేదు.

"అయితే తమ్ముడికి ఏం చెప్పను?" అన్నాడు మా ఆయన.

"మందు అమ్మాయే వేస్తుందని చెప్పు."

ఆ సాయంత్రం కాఫీ పట్టుకెళ్లి, ఎప్పటిలాగే "మావయ్యగారూ, తీసుకోండి" అని పేపరుతో చెప్పినట్టు చెప్పి వెనక్కి తిరిగాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

"కూర్చోమ్మా. ఆ ముగ్గురూ మళ్లీ అలాగే మీద పడితే ఏం చేద్దామో చెప్పు."