తుడిచేసిన నీడ

మా ముందు గదిలో నా భార్య బొమ్మ ఒకటి ఉంది. పెన్సిల్‌తో నేనే గీశాను. పలకరించడానికి వచ్చిన బంధువులంతా ఈ మధ్య దాని ముందు నిలబడి నన్ను మెచ్చుకుంటున్నారు. ఆమె గొంతు దగ్గరి గడ్డను ముందుగా పసిగట్టింది నేనేనట. మా బామ్మర్దైతే మరీ.

"బొమ్మలు గీసే కన్ను గద బావా. మేము అక్కను రోజు చూసినా తెల్వకపాయె."

అది సగమే నిజం. రేపు దవాఖానలో రిపోర్టు ఇస్తారు. అంతకుముందే ఉన్నదున్నట్టు రాయాలి.

నేను బడిలో డ్రాయింగ్ చెబుతాను. ఎండాకాలం సెలవుల్లో ఒక పొద్దున ఆమె కిటికీ పక్కన కూర్చుని, తమ్ముడు ఎనుమాముల మార్కెట్ నుంచి తెచ్చిన మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. ఘాటుకు ఇద్దరం తుమ్ముతూనే ఉన్నాం. నుదుటి నుంచి ముక్కు కొస దాకా గీత ఒక్క ఊపులో వచ్చింది. చెంప మీద వెలుగున్న చోట కాగితాన్ని తెల్లగానే వదిలేశాను. పెన్సిల్‌ను పక్కకు వాల్చి, దవడ కింద నీడ వేస్తూ దిగాను. మెడ గుండ్రటిది కనుక నీడ మెల్లగా చిక్కబడుతూ వెనక్కి తిరగాలి. తిరగలేదు. గొంతు పక్కన చిన్న వెలుగు లేచి, దాని కింద మళ్లీ నల్లబడింది. కాగితం మీద చింతగింజంత ఉబ్బు తేలింది.

కళ్లెత్తి చూశాను. ఆమె మెడ మీదా ఉంది. నా చిన్నప్పుడు మా మేనత్తకు అలాగే మొదలైంది. ఆ సంగతి మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఎత్తరు.

కింది నలుపును రబ్బరుతో తీసేశాను. వెలుగు మీద పల్చగా నీడ వేసి వేలితో రుద్దాను. మెడ నున్నగా అయింది.

బొమ్మ చూసి ఆమె నవ్వింది. "పెండ్లినాటి మెడ గీసినవ్. జర ముక్కు గూడ సక్కగ చేస్తె అయిపోవు."

"ముక్కు నాతోని కాదు," అని నేనూ నవ్వాను.

ఆ తర్వాత ఆమె మెడ వైపు చూడటం మానేశాను. అన్నానికి ఎదురుగా కాక పక్కన కూర్చునేవాణ్ని. వానలు మొదలై ఆగిపోయాయి కూడా. నల్లపూసలు బిగుస్తున్నాయని, ముద్ద అడ్డం పడుతోందని ఆమే చెప్పింది. అప్పుడు దవాఖానకు తీసుకెళ్లాను. ఎప్పుడు గమనించారని డాక్టరమ్మ అడిగితే, "మొన్న నేనే చూసిన" అన్నాను. ఆ మాటే చుట్టాల్లో పాకింది.

ఇందాక నా భార్యకు చెప్పేశాను. బియ్యం కడుగుతున్న చేతులు ఆగాయి.

"ఎండకాలంలనే చూసినవా?"

"చూసిన. భయమైంది."

"నా మెడ సంగతి నాకే చెప్పకుంట, నువ్వు భయపడుకుంట కూసున్నవా?"

బియ్యం కడిగిన నీళ్లు వంపేసింది. తర్వాత చేతులు తుడుచుకుని, "రేపు డాక్టరమ్మకు నువ్వే చెప్పు. నా ముంగటనే చెప్పు," అంది.

చెబుతాను. చెప్పాక, ఆ పోయిన నెలల వల్ల ఎంత ముదిరిందో కూడా నేనే అడగాలి. ఆ మాట నోట్లోంచి వస్తుందో రాదో తెలియదు.