ఇది కాస్త పట్టుకో

జీపు బావకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఖాళీ చేతులతో నిలబడ్డ మనిషిని చూస్తే ఆయన ఓర్చుకోలేడు. పలకరింపులు, కుశల ప్రశ్నలు, కుర్చీ వేయడాలు అన్నీ తర్వాత. ముందు "ఇది కాస్త పట్టుకో" అంటూ చేతిలో ఏదో ఒకటి పెట్టేస్తాడు. అది రేడియేటర్ గొట్టం కావచ్చు, బ్రేకు తీగ కావచ్చు, ఎటు తిప్పి చూసినా ఏమిటో అంతుపట్టని ఇనపముక్క కావచ్చు. పట్టుకున్నవాడి పని ఇక అంతే. "కాస్త" అన్న మాటకు బావ నిఘంటువులో అర్థం, మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా.

ఈ సంగతి లోకంలో అందరికన్నా బాగా తెలిసినవాడు ఆయన బావమరిది. అంటే జీపు బావ భార్యకు తమ్ముడు. ఎందుకంటే లోకంలో అందరికన్నా ఎక్కువసేపు పట్టుకున్నవాడు అతనే.

బావ అటవీశాఖలో డ్రైవరు. ఉద్యోగమంతా ఒకే జీపు తోలాడు. ఆయనకన్నా ముందే ఆ జీపును రిటైర్ చేసి, ఆఫీసు వెనక ఎండకూ వానకూ వదిలేశారు. చివరికి తుక్కు కింద వేలానికి పెట్టినప్పుడు బావ కూడా వెళ్ళాడు. పోటీకి వచ్చిన పాత ఇనుము వ్యాపారి, "పెద్దాయనా, దీంతో మీరేం చేసుకుంటారు?" అని నవ్వాడట. "చెబుతాగానీ, ఇది కాస్త పట్టుకో" అని బావ తన సంచీ, గొడుగు, కండువా అతని రెండు చేతుల్లో పెట్టాడు. వ్యాపారి చెయ్యెత్తేలోపు వేలంపాట అయిపోయింది.

జీపు సొంత కాళ్ళ మీద రాలేదు, లారీ ఎక్కి వచ్చింది. అక్క గుమ్మంలో నిలబడి చూసింది. చక్రాలు లేవు. ముందు సీట్లు లేవు. బానెట్ కింద ఇంజను పక్కన ఏదో పిట్ట కాపురం పెట్టుకుని ఉంది.

"ఏమండీ, ఇది జీపా?"

"జీపే!"

"మిగతాది ఎప్పుడొస్తుంది?"

మిగతాది ఎప్పటికీ రాలేదు. వచ్చిందాన్నే బావ విప్పడం మొదలుపెట్టాడు. షెడ్డు నిండింది. వరండా నిండింది. తర్వాత జీపు మెల్లగా ఇంట్లోకి పాకింది. హాల్లో చుట్టాలకు జీపు వెనక సీటే సోఫా. వంటింట్లో గరిటె కోసం చెయ్యి పెడితే స్పానర్ దొరికేది. ఒకసారి అక్క పొయ్యి మీద మూకుడు మూత తీస్తే లోపల బేరింగులు నూనెలో కాగుతున్నాయి. "తుప్పు వదలడానికే! మాడకుండా చూడు" అన్నాడు బావ, పైగా.

వీధిలో ఆయన చేతికి చిక్కనివాళ్ళు లేరు. పోస్టుమాన్ రోజూ చిక్కేవాడు. ఆ వీధిలో ఉత్తరం మీద నల్లటి బొటనవేలి ముద్ర ఉందంటే అది బావ షెడ్డు మీదుగా వచ్చినట్టు. గ్యాసు సిలిండరు తెచ్చినతను ఒక మధ్యాహ్నమంతా బంపరు పట్టుకుని కూర్చుంటే, అవతలి వీధిలో ఓ ఇంట్లో సగం ఉడికిన అన్నం అలాగే ఉండిపోయింది. వాళ్ళు తిట్టడానికి వచ్చి, చెరో మడ్‌గార్డూ పట్టుకుని నిలబడ్డారు.

అందరిలోకీ ఇన్సూరెన్స్ ఏజెంటు కథ వేరు. ఆయన వస్తున్నాడంటే వీధిలో తలుపులు వాటంతటవే మూసుకునేవి. బావ మాత్రం ఎదురెళ్ళి తీసుకొచ్చి, బానెట్ పైకెత్తి, "ఇది కాస్త పట్టుకోండి" అన్నాడు. రెండు చేతులూ నెత్తి మీద. బ్యాగు భుజాన. జిప్పు తీసే దారి లేదు. పాలసీ ఊసెత్తినప్పుడల్లా బావ ఇంజను మీద సుత్తితో ఒక్కటి వేసేవాడు. ఆ రోజు ఆ ఏజెంటు జీవితంలో మొదటిసారి ఒక ఇంటి నుంచి ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

ఇలాంటి ఇంటికి తమ్ముడు ట్రంకుపెట్టెతో వచ్చాడు.

బజారువీధిలో అతనికి ఫోటో స్టూడియో ఉండేది. గోడకు కొండలూ జలపాతమూ గీసిన తెర, ముందు గుండ్రటి స్టూలు, అద్దం దగ్గర దారం కట్టిన దువ్వెన. ఊళ్ళో సగం మంది పసితనం ఆ స్టూలు మీదే కూర్చుంది. తర్వాత అందరి జేబుల్లోకీ ఫోన్లు వచ్చాయి, ఫోన్లలోకి కెమెరాలు వచ్చాయి. స్టూడియోకి దుమ్ము తప్ప ఎవరూ రావడం మానేశారు. తెరను చాపలా చుట్టేసి, తలుపు వేసి, "నాలుగు రోజులుండి పోతానక్కా" అంటూ వచ్చాడు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, వేరే ఎక్కడికి పోతాడు?

వెనక గదిలో కిటికీ మూసుకుని గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. ఏమడిగినా "ఊఁ". తింటావా అంటే ఊఁ. చస్తావా అన్నా ఊఁ అనేలా ఉన్నాడని అక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

బావ ఒక ఉదయం ఆ గదిలోకి వచ్చాడు. ఓదార్పు మాట ఒక్కటీ మాట్లాడలేదు. అతని చేతిలో టార్చ్ పెట్టాడు.

"షెడ్డులో చీకటిగా ఉంది. ఇది కాస్త పట్టుకో."

"నాకు ఈ ఇనప పనులు రావు బావా."

"పని నేను చేస్తా. నువ్వు పట్టుకో."

అలా మొదలైంది. బావ జీపు కింద, తమ్ముడు జీపు పక్కన, మధ్యలో టార్చ్. మొదట్లో "ఇటు", "అటు", "ఊఁ" తప్ప మాటల్లేవు. కానీ ఫోటోగ్రాఫరు కళ్ళు ఎన్నాళ్ళు ఊరుకుంటాయి?

"బావా, తల తీయండి. నీడ పడుతోంది."

"నా తల, నా జీపు. నీకేం నొప్పి?"

"ఎదురుగా వెలుగు కొడితే అన్నీ చప్పిడిగా కనపడతాయి. పక్కనుంచి రావాలి. అప్పుడే గీతలు తేలతాయి. ఇదిగో, ఇలా."

అతను టార్చ్ పక్కకు వంచాడు. నిజంగానే ఒక గీత తేలింది. ఇంజను దిమ్మ మీద, వెంట్రుక మందాన, ఈ చివరి నుంచి ఆ చివరికి పగులు. అప్పటికే ఇంజనంతా బిగించేసి, ఆఖరి బోల్టు కూడా తిప్పేసి, బావ అక్కతో మిఠాయి కూడా చేయించాడు.

బావ ఆ గీతను బొటనవేలితో రెండుసార్లు తుడిచి చూశాడు.

"ఒరేయ్, ఆ టార్చ్ మళ్ళీ ఎదురుగానే కొట్టు" అన్నాడు బావ చివరికి. "అప్పుడే బాగుంది."

తమ్ముడు నవ్వాడు. స్టూడియో మూశాక అదే మొదటి నవ్వు. మిఠాయి తినేసి, అంతా మళ్ళీ విప్పారు. ఇంకో ఇంజను దిమ్మ కోసం తుక్కు దుకాణాలన్నీ గాలించారు. ఆ తిరుగుళ్ళలోనే బావ అడవి కబుర్లు చెప్పేవాడు. కొండదారుల్లో పొగమంచు, రాళ్ళ మీద పళ్ళు కొరుకుతూ ఎక్కే జీపు, హెడ్‌లైటు వెలుగులో ఆగి చూసే జింకలు. "దీని సీట్లో కూర్చుని ఎక్కని కొండ లేదురా. ఇంకొక్కసారి ఎక్కి చూడాలి" అనేవాడు. నాలుగు రోజులుండి పోతానన్న మాట తమ్ముడు మరిచేపోయాడు. గుర్తు చేయాలని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు.

కొత్త దిమ్మా చక్రాలూ ముందు సీట్లూ దొరికి, జీపుకు కాళ్ళూ చేతులూ వస్తున్న సమయంలో, ఒక ఉదయం బావ కుడిచేతిలోంచి కాఫీ గ్లాసు జారిపోయింది. దాన్ని అందుకోబోయి ఆయనే జారిపోయాడు.

పక్షవాతం అన్నారు ఆసుపత్రిలో. అదృష్టం కొద్దీ మాట దక్కింది, నడక దక్కింది. కుడిచేతి వేళ్ళు మాత్రం ముడుచుకోవడం మానేశాయి. పరీక్ష చేయడానికి డాక్టరు తన వేలు చాచి, "దీన్ని గట్టిగా పట్టుకోండి" అన్నాడు. బావ పట్టుకోలేకపోయాడు.

ఇంటికి వచ్చాక షెడ్డుకు వీపు పెట్టి వరండాలో కూర్చునేవాడు. జీపు మీద టార్పాలిన్ కప్పించాడు. పోస్టుమాన్ వచ్చి ఉత్తరం ఇచ్చి, వెళ్ళకుండా రెండు చేతులూ కనపడేలా చాచి నిలబడ్డాడు.

"పనేమీ లేదా సార్?"

"లేదయ్యా."

పోస్టుమాన్ కాసేపు చూసి, చేతులు జేబుల్లో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం బావ మెల్లగా, "దాన్ని అమ్మేద్దాంరా" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే తమ్ముడు టార్పాలిన్ లాగేసి, స్పానర్లు తీసుకుని జీపు కిందికి దూరాడు. ఇన్నాళ్ళూ చూసిన పనే కదా, ఎంతలే అనుకున్నాడు. చూసిన పనికీ చేసే పనికీ ఎంత తేడా ఉందో వేలు నలిగాక తెలిసింది. లోపల చీకటి. టార్చ్ పళ్ళతో కరిచి పట్టుకుంటే చొంగ కారుతోంది. రెండోసారి స్పానర్ జారి మొహం మీద పడేసరికి కేక పెట్టాడు.

చేతికర్ర టకటకలాడించుకుంటూ బావ వచ్చాడు.

"ఎటు తిప్పుతున్నావురా? అది బిగించడం కాదు, విరగ్గొట్టడం!"

"కనపడి ఛస్తేగా బావా! వచ్చారుగా, ఇది కాస్త పట్టుకోండి."

బావ ఒక్క క్షణం తటపటాయించి, టార్చ్ ఎడమచేత్తో అందుకున్నాడు. అలవాటు లేని చెయ్యి. పైగా ఆయన నోటితో ఎటు చెబితే వెలుగు అటు పరుగెత్తేది. గేర్‌బాక్సు గురించి చెబుతుంటే టైరు మీద, టైరు గురించి చెబుతుంటే తమ్ముడి కంట్లో. మధ్యాహ్నానికి తమ్ముడికి సినిమా హాల్లో జీపు బాగు చేస్తున్నట్టుగా ఉంది. "ఉండండి బావా, లైటేదైనా చూసొస్తా" అని, చేతులు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళాడు.

"అక్కా, బజారుకెళ్ళి తగిలించుకునే లైటు ఒకటి తెస్తా. ఇలాగైతే నా కళ్ళు పోతాయి."

"కొనడమెందుకు? అటక మీద ఉందిగా."

అటక మీద పాత దుప్పటిలో చుట్టి ఉంది. చుట్టూ ఇనపజాలీ, పైన కొక్కెం, పొడుగాటి వైరు. ప్లగ్గులో పెడితే భగ్గున వెలిగింది.

"అడవి బంగళాల్లో దాన్ని జీపుకే తగిలించుకుని, గేర్‌బాక్సు ఒక్కరే దించి ఒక్కరే ఎక్కించేవారు" అంది అక్క, కూర తరుగుతూ. "ఆయనకి ఎవరి చెయ్యీ అక్కర్లేదు."

"మరి నన్నెందుకు పట్టుకోమన్నారు?"

"నువ్వొచ్చాక ఆయనే దాన్ని అటకెక్కించారు. 'వాడి చేతులు చూశావా, ఎక్కడ పెట్టుకోవాలో తెలీక కొట్టుకుంటున్నాయి' అన్నారు."

తమ్ముడు లైటు పట్టుకున్న తన చేతులు చూసుకున్నాడు.

"పోస్టుమాన్‌కి భార్య పోయి ఇంటికెళ్ళబుద్ధి కాని రోజులవి. ఆ గ్యాసతనికి నడుం పట్టేసింది, నీడన కూర్చోమంటే మొహమాటం. బంపరు పట్టుకోమంటే కూర్చున్నాడు."

"మరి ఇన్సూరెన్స్ ఏజెంటుకి ఏం కష్టం వచ్చింది?"

"వాడికేం కష్టం? వాడి నోరు మూయించడానికే!"

తమ్ముడు లైటు ఆర్పి, మళ్ళీ దుప్పటిలో చుట్టి, అటకెక్కించాడు. షెడ్డులోకి వెళ్ళేసరికి బావ టార్చ్ పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు, ఆరిపోతుందేమోనన్నట్టు.

"దొరికిందా లైటు?"

"లేదు బావా. బజారంతా అడిగా."

ఇంట్లోంచి బయటికే వెళ్ళని బావమరిదిని బావ తేరిపార చూశాడు. తర్వాత గంభీరంగా తలాడించాడు.

"దొరకదు. ఆ రకం ఇప్పుడు రావడం లేదు."

"ఇక్కడ కొట్టండి బావా. పక్కనుంచి."

ఆ తర్వాత జీపు తయారవడానికి మామూలుగా పట్టాల్సినదానికన్నా చాలా ఎక్కువ కాలమే పట్టింది. ఎవరికీ తొందర లేదు.

ఇంజను మొదట దగ్గింది, తర్వాత తిట్టింది, చివరికి పాట అందుకుంది. వీధంతా చప్పట్లు కొట్టింది. అప్పుడు తెలిసింది అసలు చిక్కు. బావ కుడిచెయ్యి స్టీరింగు పట్టదు. జీపులో ప్రతి బోల్టునూ పేరు పెట్టి పిలవగల తమ్ముడికి డ్రైవింగు రాదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"జరుగు" అంది అక్క, తమ్ముణ్ణి. కొంగు నడుముకు దోపి స్టీరింగు ముందు కూర్చుంది.

"నీకు డ్రైవింగు వచ్చా అక్కా!"

"కొత్త కాపురంలో ఈ జీపు మీదే నేర్పారు. వరదొచ్చిన వాగు దాటించింది ఎవరనుకున్నావు? మీ బావ కళ్ళు మూసుకుని కూర్చున్నారు."

"మూసుకోలేదు" అన్నాడు బావ పక్క సీట్లోకి ఎక్కుతూ. "కంట్లో నీళ్ళు పడ్డాయి."

తమ్ముడు వెనక ఎక్కాడు. వీధి చివరిదాకా అని బయల్దేరిన జీపు వీధి దాటింది, బజారు దాటింది, కొండల వైపు తిరిగింది. రాళ్ళదారి మొదలయ్యే చోట అక్క ఆపి, పెద్ద గేరు పక్కనున్న చిన్న గేరు లాగింది. నాలుగు చక్రాలూ ఒకేసారి నేలను కరిచాయి. గాలికి బావ తెల్లజుట్టు నిక్కబొడుచుకుంది.

"పొయ్యి మీద కూర పెట్టొచ్చావా?" అన్నాడు ఉన్నట్టుండి.

"ఆర్పే వచ్చాను" అంది అక్క, క్లచ్ వదులుతూ. "మీరు ముందు చూడండి, పైన పొగమంచు ఉందో లేదో."