సెలూన్ బాబాయ్ సినిమా రివ్యూలు

ఆ సందు చివరి సెలూన్‌లో కూర్చున్నవాడికి జుట్టూ తగ్గుతుంది, ఆదివారం ఏ సినిమాకి పోవాలన్న సందేహమూ తీరుతుంది. సెలూన్ ఆయన్ని అందరూ బాబాయ్ అనే పిలుస్తారు, ఆయనకంటే పెద్దవాళ్ళతో సహా. శుక్రవారం మొదటి ఆట చూసి వచ్చి, షట్టరెత్తి, మెడకు గుడ్డ చుట్టించుకున్న ప్రతివాడికీ సినిమా ఎలా ఉందో చెప్తాడు. చెప్పమని ఎవరూ అడగక్కర్లేదు.

దయ్యం సినిమా అయితే, "దానికంటే పక్క సీటాయన గురకే నయం, రెండుసార్లు ఉలిక్కిపడ్డాను" అంటాడు. ప్రేమకథ అయితే, "ఆ ఇద్దరూ ఒక్కసారి ఫోనెత్తి మాట్లాడుకుంటే ఇంటర్వెల్‌కే ఇళ్ళకి పోయేవాళ్ళం కదయ్యా" అంటాడు. ఫైటింగ్ సినిమాల మీద ఆయనకి ఒకటే కోపం. "విలన్ ఎప్పుడో పోయాడు. హీరో ఇంకా డైలాగు కొడుతున్నాడు. ఎవరికి చెప్తున్నట్టు?" ఇంత తిట్టినా ఏడాదికి రెండో మూడో సినిమాలు ఆయనకి నచ్చుతాయి. అవి మాత్రం హౌస్‌ఫుల్.

పక్క వీధిలో ఉన్న ఒక్క తెర హాల్లో బాబాయ్ అక్క మొగుడు, అంటే ఆయన బావ, ఆపరేటరు. ఓనరు మనుషుల్ని తగ్గించుకుంటూ పోయాక టిక్కెట్లు చింపడం, సీట్ల కింద ఊడ్వడం కూడా ఆయన నెత్తినే పడ్డాయి. కొత్తగా వచ్చే కుటుంబ కథా చిత్రం వారమైనా నిండుగా ఆడకపోతే హాలుని సోఫాల గోడౌన్‌కి ఇచ్చేస్తానని ఓనరు తేల్చేశాడు. బావకి ఇంకో పని రాదు. నేర్చుకునే వయసూ దాటింది.

విడుదలకి ముందురోజు అక్క సెలూన్‌కొచ్చి, కస్టమర్లు కూర్చునే బెంచీ మీద కూలబడింది.

"ఒరేయ్, నీ మాట జనం వింటారు. రేపొచ్చే ఈ ఒక్కదానికి బాగుందని చెప్పరా."

"సినిమా చూడకుండానే ఎలా చెప్పనే?"

"చూసే చెప్పు. బాగుందనే చెప్పు. మీ బావ కడుపు కొట్టకు."

శుక్రవారం బాబాయ్ సినిమా చూశాడు. అత్త ఏడ్చింది, కోడలు ఏడ్చింది, చివరికి వాళ్ళ వకీలు కూడా ఏడ్చాడు. బాబాయ్‌కీ ఏడుపొచ్చింది, దీన్ని బాగుందని ఎలా చెప్పాలా అని. అయినా మధ్యాహ్నం నుంచీ కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ చెప్పాడు. "కుటుంబంతో చూడాల్సిన సినిమా. ఆ అత్త వేషం వేసినావిడ ప్రాణం పెట్టేసింది. తప్పకుండా వెళ్ళండి." అందరూ తల ఊపారు. ఒక్కరూ వెళ్ళలేదు.

సోమవారం మొదటి ఆటకి ఆరుగురే వచ్చారు. అందులో ఇద్దరు ఫ్యాన్ల కింద నిద్ర కోసం వచ్చినవాళ్ళు.

బాబాయ్‌కి మతి పోయింది. చిట్టచివరికి పాత కస్టమరైన బ్యాంకు గుమాస్తాని నిలదీశాడు.

"బాగుందని అంతగా చెప్పాను కదా, ఎందుకు పోలేదయ్యా?"

గుమాస్తా అద్దంలోంచే నవ్వాడు. "నువ్వు చెప్పావు బాబాయ్. నీ కత్తెర చెప్పలేదు."

"అంటే?"

"నీకు సినిమా నచ్చితే మధ్యలో కత్తెర ఆపేస్తావు. గాల్లో అలాగే పట్టుకుని చెప్తావు. నచ్చకపోతే మాట మాటే, కోత కోతే. మేం నీ నోరు ఎప్పుడు విన్నాం? కత్తెరనే వింటాం."

"ఎప్పట్నుంచి?"

"నాకు జుట్టున్నప్పట్నుంచి."

బెంచీ మీద వాళ్ళు పగలబడి నవ్వారు. అందరికీ తెలిసిన సంగతే అది, తెలియనిది ఒక్క బాబాయ్‌కే. ఇన్నేళ్ళుగా తన చేయి తనకి చెప్పకుండా ఊరందరికీ చెప్తోంది.

మంగళవారం సెలవు పోగా, బుధవారం కత్తెర ఆపి చూశాడు. "ఆ అత్త వేషం..." అంటూ చేయి గాల్లో నిలిపాడు. కుర్చీలోని కుర్రాడు వెనక్కి తిరిగి, "ఏంటి బాబాయ్, కత్తెర మొద్దుబారిందా?" అన్నాడు. బెంచీ మళ్ళీ నవ్వింది. ఆపాల్సిన చోటు గుర్తుపెట్టుకుంటే చెప్పాల్సిన మాట మర్చిపోతున్నాడు. మాట గుర్తొచ్చేసరికి చేయి మునుపటికంటే జోరందుకుంటోంది. మధ్యాహ్నానికి ఒకాయన చెంప దగ్గర జుట్టు అవసరానికి మించి పోయింది. ఇక ఊరుకున్నాడు.

గురువారంతో సినిమా ఎత్తేశారు. శనివారం సీట్లు పీకే మనుషులొచ్చారు.

ఆ సాయంత్రం బావ సెలూన్‌కొచ్చాడు. ఎన్నడూ అటు రాని మనిషి. ఆయన జుట్టు ఆదివారాల్లో ఇంటి వరండాలోనే బాబాయ్ కత్తిరించేవాడు. ప్రతి సినిమా రోజుకి నాలుగు ఆటలు చూసేవాడికి రివ్యూ ఎవరు చెప్తారు? అందుకే కత్తెర సంగతి ఆయన చెవిన పడలేదు.

"ఎక్కడన్నా పని అడగడానికి వెళ్ళాలి. కాస్త మనిషిలా కనపడేలా చెయ్యి" అంటూ కుర్చీలో కూర్చున్నాడు.

బాబాయ్ గుడ్డ చుట్టి మొదలుపెట్టాడు. బెంచీ మీద గుమాస్తాతో పాటు ఇంకో ముగ్గురున్నారు.

"జనం రాలేదు గానీ మంచి సినిమారా అది" అన్నాడు బావ. "ఆ వకీలు ఏడ్చే చోట ప్రతి ఆటకీ నాకు కళ్ళు చెమర్చాయి. నువ్వు అందరికీ బాగుందని చెప్పావట కదా. మీ అక్క చెప్పింది. నిజంగానే నచ్చిందా నీకు?"

బెంచీ మీద ఎవరూ నవ్వలేదు. గుమాస్తా పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"నచ్చింది బావా" అన్నాడు బాబాయ్. చేయి ఆగమంటే ఆగలేదు.

"అదీ! నీ మాట మీద జనానికి గురి. ఇంకే హాల్లోనైనా ఆపరేటరు కావాలంటారేమో, వచ్చినవాళ్ళతో ఓ మాట వేసి ఉంచు. నువ్వు చెప్తే కాదనరు."

"అలాగే బావా."

తల వంచించాల్సిన వెనక వైపు కోత ఇంకా మొదలుకాలేదు. అయినా బాబాయ్ ఆయన తల మీద చేయి వేసి, అద్దంలో ఆ ముఖం తనకి కనపడనంత కిందకి వంచాడు.