తొట్టిలో కచేరి

మా ఆయనకు దేవుడు రెండు చేతులు, రెండు కాళ్లు, ఒక నోరు, ఒక తల ఇచ్చాడు. అందరికీ ఇచ్చినట్టే ఇచ్చాడు. వాటిలో ఒక్కటి కూడా ఖాళీగా ఉండకూడదని పట్టుబట్టింది మాత్రం మా ఆయనే.

గుడియాత్తంలో మాది గుంట మగ్గం ఇల్లు. నేలలో మోకాళ్ల లోతు గుంట ఉంటుంది. నేతగాడు దాని అంచున కూర్చుని కాళ్లు లోపలికి వేసి, అడుగున ఉన్న పలకలు తొక్కుతూ ఉంటాడు. ఒక చెయ్యి అడ్డపోగు మోసే నాడెను పరుగెత్తించే తాడు లాగుతుంది, ఇంకో చెయ్యి పేకను దగ్గరికి కొడుతుంది. పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా టకటకా, టకటకా. లత్తేరిలో మా పుట్టింట్లోనూ అదే చప్పుడు కాబట్టి నాకది వినిపించనే వినిపించేది కాదు. మా ఆయనకు మాత్రం అది పాట లేని మేళంలా తోచిందట. ఆ పాట తానే అందుకున్నాడు. అక్కడితో ఆగి ఉంటే నేనివాళ ఇది రాయాల్సిన పని లేకపోయేది.

మొదట కుడికాలి పలకకు డప్పు కట్టాడు. తొక్కితే కర్ర లేచి డప్పు మీద పడుతుంది. ఎడమకాలికి మా అత్తగారి ఇత్తడి మూతలు రెండు. ఆమె వాటికోసం వంటిల్లంతా వెతికి, చివరికి నన్ను అనుమానించింది. ఒడిలో బుల్‌బుల్ తార పెట్టుకుని ఎడమచేత్తో మీటలు నొక్కి, కుడిచేత్తో తీగెలు మీటేవాడు. ఆ కుడిచేతి మోచెయ్యి పక్కన గుంజకు కంజీర కట్టి ఉండేది, మధ్యమధ్య మోచేత్తో ఒక పోటు. పాత గొడుగు కమ్మీలు వంచి మెడకు తగిలించుకుని, వాటికి మౌతార్గాన్ బిగించాడు. ఒక పాదం పాడతాడు, ఒక పాదం ఊదుతాడు. ఇక మిగిలింది తల. దానికి తువ్వాలు చుట్టి గజ్జెలు కుట్టమన్నాడు. కుట్టాను. కొత్తగా కాపురానికొచ్చినదాన్ని, కుట్టనంటానా?

ఇన్ని పనుల్లో ఉన్నవాడి ముక్కు మీద ఈగ వాలితే ఏం చేస్తాడు? తోలడానికి చెయ్యి లేదు. అందుకని చెంప ఒక్కటే అదిలించడం నేర్చుకున్నాడు, ఎద్దు చర్మం అదిలిస్తుందే, అట్లా. చూసేవాళ్లు అది అభినయమనుకుని చప్పట్లు కొట్టేవాళ్లు. ఈగ లేకపోయినా చెయ్యడం మొదలుపెట్టాడు.

పాట సాధన మగ్గం మీదే, నేస్తూనే. పాట మధ్యలో రంగు నాడె మార్చబుద్ధయ్యేది కాదు ఆయనకు. చరణం పొడుగైతే లుంగీలో గడి పొడుగు, చరణం పొట్టిదైతే గడి పొట్టిది. ఒక లుంగీకి ఒక చివర దుప్పటంత గళ్లు, ఇంకో చివర జల్లెడ కన్నాలంత గళ్లు వచ్చాయి. నూలిచ్చే ఆసామి దాన్ని ముఖాన కొట్టాడు. అదే కట్టుకుని మా ఆయన కచేరీలకు పోయేవాడు.

కచేరీలంటే అప్పట్లో సభలు. స్వతంత్రం వచ్చిన సంబరాలయిపోయాక, మా పక్క ఊళ్లు ఆంధ్రలో కలవాలా, మద్రాసులోనే ఉండాలా అన్న గొడవ మొదలైంది. ఈ పక్కవాళ్లొక సభ పెడితే, ఆ పక్కవాళ్లొక సభ. జనం చేరేదాకా వాయించడానికి ఇద్దరూ మా ఆయన్నే పిలిచేవాళ్లు. ఆయన ఇద్దరికీ పోయేవాడు. తొక్కడానికి గుంట లేకపోతే ఆయన కాళ్లకు తాళం తెలిసేది కాదు, కుర్చీలో కూర్చోబెడితే పసిపిల్లాడిలా ఉత్తినే ఆడించేవాడు. అందుకని ప్రతి సభలోనూ వేదిక ముందర గుంట తవ్వేవాళ్లు. ఒకచోట ఉపన్యాసకుడు ఆవేశంగా ముందుకొచ్చి అందులో పడ్డాడు. మా ఆయన ఆపలేదు, ఆ పెద్దమనిషిని ఒళ్లో ఉంచుకునే చరణం ముగించాడు. అది ఏ పక్క సభో నేను చెప్పను, ఇప్పటికీ కొట్టుకునేవాళ్లున్నారు.

ఊరంతా నవ్వింది. నవ్వనిది మా నాయన ఒక్కడే. ఆయన రోజూ గుంటలో దిగేముందు చెయ్యి నేలకు తాకించి కళ్లకద్దుకునే మనిషి. మగ్గం తొక్కే కాలికి డప్పు కట్టడం ఆయన దృష్టిలో గుళ్లో చెప్పులతో తిరగడం లాంటిదే. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి మా ఇంటికి రావడం మానేశాడు. రైలెక్కితే ఎంతసేపు, లత్తేరి నుంచి గుడియాత్తానికి? పండక్కి మా అమ్మే వచ్చేది, మూట దించేది, పోయేది. అల్లుణ్ణి పేరు పెట్టి గానీ వరస పెట్టి గానీ మా నాయన పిలవలేదు. ‘ఆ మేళం’ అనేవాడు, అంతే. మా ఆయన పైకి పట్టించుకోనట్టుండేవాడు. కానీ అమ్మ వచ్చినప్పుడల్లా వీధి గుమ్మంలోకి పోయి, ఆమె వెనక ఇంకెవరైనా వస్తున్నారేమో చూసేవాడు. ఆయన వెనక నిలబడి నేనూ చూసేదాన్ని.

అట్లాంటప్పుడు మా చెల్లెలి పెళ్లి వేలూరులో కుదిరింది. మగపెళ్లివారు ఒక సభలో మా ఆయన వాయిద్యం విన్నారట. పెళ్లి భోజనాల వేళ పెద్దల్లుడి కచేరి ఉండి తీరాలన్నారు. వియ్యంకులు నోరు తెరిచి అడిగితే మా నాయన కాదనగలడా? సరేనన్నాడు, పెళ్లి పనులకు లత్తేరి పోయిన నన్ను పక్కకు పిలిచాడు.

"నలుగుర్లో నన్ను నవ్వులపాలు చేసినాడంటే నా గడప తొక్కద్దని చెప్పు. నువ్వూ అంతే."

అన్నాక నా ముఖం చూడకుండా పోయాడు. ఆ మాట మా ఆయనకు చెప్పాను. ఆయన తిండి సరిగా తినలేదు. పెళ్లినాటిదాకా చెంప కూడా అదిలించలేదు.

పెళ్లి సత్రానికి సిమెంటు నేల. ముహూర్తం అయిపోయి ఇస్తళ్లు వేస్తున్నారు, గుంట తవ్వే దారి లేదు. పలుగు దొరికితే తవ్వేవాడే, ఇద్దరు పట్టుకుని ఆపారు. ఎత్తు బల్ల మీద కూర్చుని కాళ్లు వేలాడేసుకుంటానంటే, వియ్యంకుల తలల పైన అల్లుడి కాళ్లా అని పెద్దవాళ్లు ఒప్పుకోలేదు. చివరికి వంటింటి పెరట్లో గిన్నెలు తోమే రాతి తొట్టి కనిపించింది. నీళ్లు తోడించి, మాడిన మెతుకులు ఊడ్పించి, పలకలూ డప్పూ మూతలూ అందులో దించి, అంచున కూర్చున్నాడు. వంటవాళ్లు గిన్నెలు యాడ కడగాలని లబలబలాడుతున్నారు. మగపెళ్లివారు మైకు సెట్టు పెట్టించారు. మైకు స్టాండు అంత కిందికి దిగకపోతే, మైకాయన మైకును ఊడదీసి పెద్ద గరిటెకు కట్టి తొట్టిలోకి ఆనించాడు. స్పీకరు కొమ్ము సత్రం మిద్దె మీద, వీధి వైపు.

రాతి తొట్టిలో డప్పంటే మాటలా? ఒక్క తొక్కుకు సత్రం కిటికీలు అదిరాయి. రెండో తొక్కుకు వీధిలో గుర్రబ్బండి ఒకటి దారి మార్చుకుంది. జనం ఇస్తళ్లు వదిలి పెరట్లోకి వచ్చారు. బుల్‌బుల్ మోగింది, మౌతార్గాన్ పలికింది, తల ఊగింది. మగపెళ్లివారి ముసలావిడ ఒకామె ఒక్క మనిషే ఇంత చప్పుడు చేస్తాడా, లోపల ఇంకెవరైనా దాక్కున్నారా అని తొట్టిలోకి వంగి చూసింది. మా నాయన మాత్రం గోడకానుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను వంటింటి గుమ్మంలో అన్నం గరిటె పట్టుకుని ఆయన్నే చూస్తున్నాను.

పాట జోరు మీదున్నప్పుడు బుల్‌బుల్ తీగె తెగింది.

వేరే ఎవరైనా అయితే మిగిలిన తీగెల మీద లాగించేవాడు. మా ఆయన నేతగాడు. పోగు తెగితే నేతగాడి ఒళ్లు దానంతటదే ఆగిపోతుంది. కాళ్లు ఆగాయి, మోచెయ్యి ఆగింది, నోరు ఆగింది. మనిషి ఒంగి, తెగిన రెండు కొసలూ వెతికి పట్టుకుని, వేళ్లు ఎంగిలి చేసుకుని, పోగుకు ముడి వేసినట్టు తీగెకు ముడి వెయ్యడం మొదలుపెట్టాడు. ఇక వింత చూడండి, పెరట్లో ఒకరిద్దరు తప్ప అంతా మగ్గాల వాళ్లే. ముడి పడేదాకా పక్కవాడు మాట్లాడకూడదని అందరికీ తెలుసు. తాంబూలం నములుతున్న దవడలు సైతం ఆగాయి. వేలూరు ఆఫీసులో పనిచేసే పెళ్లికొడుకు మేనమామ ఇదీ కచేరీలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టబోతే, పక్కనున్న ముసలమ్మ చేతుల మీద ఒక్కటిచ్చింది.

తీగె ముడి నిలుస్తుందా? జారింది. మళ్లీ ఎంగిలి, మళ్లీ ముడి, మళ్లీ జారింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఎవరో కిసుక్కుమన్నారు. మా నాయన గోడ దగ్గర్నుంచి కదిలాడు. భుజం మీది కండువా తీసి నడుముకు బిగించాడు. చెయ్యి పట్టి బయటికి లాగేస్తాడు, ఇక లత్తేరి ముఖం చూడటం నాకు లేదు అనుకున్నాను. గరిటెలో అన్నం చల్లారిపోయింది.

మా నాయన తొట్టి దగ్గర ఒంగాడు. చెయ్యి తొట్టి రాయికి తాకించి, కళ్లకద్దుకున్నాడు. తర్వాత ఎదురంచున కూర్చుని కాళ్లు లోపలికి వేశాడు. ఒక కొస తాను అందుకుని, పడుగు పోగులు అతికినట్టు రెంటినీ కలిపి మెలి తిప్పసాగాడు. పుట్టిన కాడ్నుంచి మగ్గం తొక్కిన కాళ్లాయె, పలక తగిలితే ఊరుకుంటాయా? డబ్ మని మోగింది. ఆయన ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. కాసేపాగి మళ్లీ డబ్. ఈసారి చుట్టూ చూడలేదు.

ఆ తర్వాత అల్లుడి చెవి దగ్గరికి వంగి గుసగుసగా ఏదో చెప్పాడు. పక్కన గరిటెకు కట్టిన మైకు సంగతి ఆయనకేం తెలుసు? ఆ గుసగుస మిద్దె మీది కొమ్ములోంచి వీధి వీధంతా మోగింది.

"ఆ మూతలు మోగేది ఎట్లనో నాకూ చూపించు నాయనా. రేపు పొద్దున బండికి మీ ఇంటికి వస్తా. మీ అత్తకు చెప్పద్దు."

మా అమ్మ నా వెనకాలే నిలబడి ఉంది, సాంబారు గిన్నెతో. మామా అల్లుళ్లిద్దరూ తల ఎత్తకుండా తీగె మెలి తిప్పుతున్నారు, లోకం విన్నదని ఆ ఇద్దరికీ తప్ప అందరికీ తెలుసు. నాలుగేండ్లుగా ఏ మాట కోసం నేను గుమ్మం చూశానో, ఆ మాట వేలూరులో మిఠాయి కొట్టువాడితో, జట్కావాడితో కలిసి విన్నాను. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చి, గరిటెడన్నం ఎవరి ఇస్తట్లో వేశానో కూడా చూసుకోలేదు. అమ్మ సాంబారు గిన్నె కింద పెట్టి, కొంగుతో నా ముఖం తుడిచింది.

"నేనూ వస్తా. ఆయన ఒక్కడే వస్తే దారిలో మనసు మార్చుకుంటాడు" అంది.