ముత్యాల్లాంటి వగైరా

ఆఫీసులో అందరూ ఆయన్ను ముత్యాల గుమాస్తా అనేవారు. చేతిరాత అంత గుండ్రంగా ఉండేది మరి! రికార్డు గదిలో ముప్ఫై ఏళ్లుగా ఆయన పని ఒక్కటే, చెదలు కొట్టిన పాత రిజిస్టర్లను కొత్తవాటిలోకి ఎత్తి రాయడం. రాశాక పాతవి చించి పారేసేవారు. ఇక ఆయన రాసిందే వేదం.

ఆ పూట కౌంటరు దగ్గరికి రిటైరైన నర్సు ఒకావిడ వచ్చింది.

"మా అమ్మమ్మ దొరల కాలంలో ఆసుపత్రిలో మంత్రసాని, బాబూ. ఊళ్లో సగం మందికి పురుడు పోసింది. ఆవిణ్ణి కన్నదెవరో మాత్రం మాకెవరికీ తెలీదు. మంచాన పడ్డ మా అమ్మది రోజూ ఇదే గొడవ, 'మా అమ్మమ్మ పేరేంటే?' అని. ఆసుపత్రి ఉద్యోగుల రిజిస్టర్లో వాళ్ల తల్లి పేరు కూడా రాసేవారట కదా?"

"ఎందుకు రాయరమ్మా, ఇట్టే తీసిస్తా," అంటూ దర్జాగా నిచ్చెనెక్కాడు. ఆవిడ చెప్పిన ఏడాది రిజిస్టరు దించి పేజీ తిప్పాడు. తన దస్తూరీయే. పెద్ద డాక్టరుకు తల్లి, తండ్రి, ఊరు అన్నీ ఉన్నాయి. కాంపౌండర్లకూ ఉన్నాయి. ఆఖరి వరుసలో మాత్రం "మంత్రసానులు వగైరా, ఏడుగురు."

అంతే. ఏడుగురు ఆడవాళ్లూ, వాళ్ల తల్లులూ ఒక్క వగైరాలో పోయారు!

అంతా గుర్తొచ్చింది. కొత్తగా పెళ్లయిన రోజులు. జేబులో సాయంత్రం ఆటకి రెండు టికెట్లు, గేటు దగ్గర భార్య. ఈ పాతకాలం పేర్లు ఎవడడుగుతాడులే అనుకున్నాడు. అది ఏం సినిమానో ఇప్పుడు తలకిందులైనా గుర్తు రావడం లేదు. ఛీ, తనదీ ఒక ఉద్యోగమేనా!

ఏదో ఒక పేరు చెప్పేస్తే పోలా? మంచాన ఉన్న ఆ ముసలమ్మ ప్రాణం హాయిగా ఉంటుంది. నోటిదాకా వచ్చిన పేరు తన తల్లిది. సిగ్గుతో మింగేశాడు. కిందికి దిగి, పేజీ ఆవిడ ముందు పెట్టాడు.

"అమ్మా, ఇది రాసింది నేనే. తొందరలో మంత్రసానులందరి పేర్లూ ఎగ్గొట్టేశాను. అసలు పుస్తకం ఇప్పుడు లేదు. తిట్టండమ్మా, పడతాను."

ఆవిడ తిట్టలేదు. కళ్లజోడు సర్దుకుని వగైరా అన్న మాట మీద వేలుంచింది.

"అయితే మా అమ్మమ్మ ఈ ఏడుగురిలో ఉందన్నమాట. పోనీ, ఈ పేజీకే నకలు రాసివ్వు బాబూ. అమ్మకి చూపిస్తా."

తెల్లకాగితం మీద మళ్లీ వగైరా అని రాశాడు. పాడుచెయ్యి, మళ్లీ ముత్యాల్లాగే వచ్చింది. కింద "అసలుకు సరైన నకలు" అని రాసి సంతకం పెట్టాలి. "అసలుకు" అన్న మాట దగ్గరే కలం ఆగిపోయింది. ఆవిడ కౌంటరు అవతల ఓపిగ్గా నిలబడే ఉంది.